మూడో కాంటూరు దాటి రావద్దని నీళ్ళకు నోటీసు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన ఓ ఫ్లెక్సీ కనిపించింది. "మూడో కాంటూరు సాధిస్తాం, కొల్లేరు పేదల కన్నీళ్ళు తుడుస్తాం" అని రాసుంది. కింద నాయకుడు నమస్కారం పెడుతున్నాడు. ఆయన భుజం మీదుగా ఓ తెల్ల పక్షి ఎగురుతోంది. ఇంటర్నెట్‌లోంచి దింపిన విదేశీ హంస అది, జన్మలో కొల్లేరు మొహం చూసి ఉండదు. పార్టీ ఏదని అడగకండి. రంగు మార్చి అదే ఫ్లెక్సీని అందరూ కట్టారు, ముందు ముందు కూడా కడతారు.

కాంటూరు అంటే తెలియనివారి కోసం ఓ ముక్క. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు పరుచుకున్న కొల్లేరును, అంటే 308 చదరపు కిలోమీటర్లను, 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఐదో కాంటూరు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువులున్నాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో వాటి గట్లు డైనమైట్లు పెట్టి పేల్చారు. సరిగ్గా రెండేళ్ళకు, 2008లో, అభయారణ్యాన్ని ఐదు నుంచి మూడో కాంటూరుకు కుదించమని శాసనసభే తీర్మానం చేసింది. కేంద్రం అజీజ్ కమిటీని వేసింది. కుదించడం తగదని కమిటీ చెప్పింది. కమిటీలు చెబుతూనే ఉంటాయి, అది వాటి ఉద్యోగం.

నేను మాత్రం కుదింపును మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కలంతో ఒక్క గీత గీస్తే సరస్సు సగానికి సగం తగ్గిపోతుంది. ఇంత చవకైన ఇంజినీరింగ్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఉన్న చిక్కల్లా నీళ్ళతోనే. వాటికి జీవోలు చదవడం రాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా పేరున్నవీ లేనివీ డ్రెయిన్లన్నీ వానాకాలంలో వచ్చి కొల్లేట్లోనే పడతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కాబట్టి పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఓ సర్వేయరును గొడుగుతో సహా నిలబెట్టి, వచ్చే ప్రతి వరదకూ స్పష్టమైన తెలుగులో నోటీసు చదివించాలి. "మూడడుగుల పైన నీకు హక్కు లేదు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలవు."

అభ్యంతరాలంటే గుర్తొచ్చింది. ప్రజాస్వామ్యంలో ఉన్నాం, కుదింపుకు ముందు అందరి మాటా వినాలి. ఆ సభ ఎలా జరగాలో నేను ఊహించి పెట్టాను, అధికారులు ఉచితంగా వాడుకోవచ్చు.

షామియానా వేశారు. తహసీల్దారుగారు మైకు ముందు కూర్చున్నారు. మొదట గూడబాతును, అంటే పెలికాన్ పక్షిని, పిలిచారు.

"ఎక్కడుంటావు?"

"ఆటపాకండి. చెట్లు చాలక, అటవీశాఖవాళ్ళు పాతిన ఇనప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకున్నామండి."

"స్టాండ్లు ఎవరివి?"

"గవర్నమెంటువండి."

"ప్రభుత్వ ఆస్తిలో అనధికార నివాసం. రాసుకోవయ్యా." వీఆర్వో రాసుకున్నాడు. "అడంగల్లో నీ పేరుందా? పాస్‌పుస్తకం?"

"మా ముత్తాతల నాటి నుంచి ఇక్కడే చేపలు తిని బతుకుతున్నామండి."

"ఏం చేపలు?"

"అప్పట్లో కొరమీనులు, మట్టగిడసలు, జెల్లలు, ఇంగిలాయిలండి. ఇప్పుడవెక్కడున్నాయండీ? చెరువుల్లో బొచ్చెలు, శీలావతులే గతి."

వెనక వరసలోంచి ఓ తెల్లచొక్కా లేచింది. "ఒప్పుకుంది సార్! నా చెరువులో పడి తింటోంది ఇదే. పైన వలలు కట్టాను, టపాకాయలు కాల్పించాను, కాపలాకి మనుషుల్ని పెట్టాను. అయినా ఆక్రమణ ఆగట్లేదు."

"మీ చెరువు ఎక్కడండీ?" తహసీల్దారుగారి గొంతులో మర్యాద వచ్చింది.

"అభయారణ్యంలోనే సార్."

తహసీల్దారుగారు బాధగా తల పంకించారు. ఆక్రమణ చిన్న నేరం కాదు. పక్షుల అభయారణ్యంలోకి పక్షి చొరబడితే చట్టం చూస్తూ ఊరుకోదు. గూడబాతుకు నోటీసిచ్చారు. వేలిముద్ర వేయమంటే కాలిముద్ర వేసింది, అది చెల్లదని వెనక్కి పంపారు.

తర్వాత సూదితోక బాతు.

"ఏ ఊరు?"

"సైబీరియా అవతలండి. చలికాలానికి వస్తామండి."

"స్థానికేతరురాలు. ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. ఇంకేం రాయాలి?"

వీఆర్వో సందేహంగా గోక్కున్నాడు. "ఏటా ఠంచనుగా వస్తోంది సార్. మన ఎమ్మెల్యేగారికంటే హాజరు మెరుగ్గా ఉంది. రిమార్కుల్లో పెట్టమంటారా?"

పెట్టొద్దన్నారు. తర్వాత కిక్కిస గడ్డి తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరని ఏకపక్షంగా తేల్చేశారు. చివరికి షామియానా గుంజ దగ్గర, భుజాన చేపలు పట్టే మావు వేసుకుని నిలబడ్డ ముసలాయన మిగిలాడు.

"నువ్వెందుకొచ్చావయ్యా?"

"ఇదంతా నాకోసమే చేస్తన్నారంట కదండీ. ఏం చేస్తన్నారో చూద్దామనొచ్చానండి."

ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు రావట్లేదు.

ఎందుకంటే ఈ నాటకం ఆడుతున్నది నిజంగా ఆ ముసలాయన పేరు మీదే. పేద మత్స్యకారుడు, పేద మత్స్యకారుడు అని ఇరవై ఏళ్ళుగా అరుస్తున్నారు. ఆయన మావులు పెట్టి పట్టుకునే చేపకు పారే నీళ్ళు కావాలి, గడ్డి కావాలి, వరదతో ఎదురెక్కే దారి కావాలి. గట్టు మీద గట్టు కట్టి ఆ దారి మూసింది ఎవరు? మత్స్యకారుల సొసైటీ చెరువు కాగితం మీద ఆయనది. పొక్లెయిన్ ఎవరిది? మేత ఖర్చు ఎవరిది? రాత్రిపూట కోడి వ్యర్థాల లారీలు దింపించుకుని, ఆ కంపును చేపకు మేపుతున్నది ఎవరు? లీజు డబ్బుల్లో ఆయనకు విదిలించే వాటా చూస్తే సిగ్గేస్తుంది. కొల్లేటి లంకల్లో జనం చుట్టూ నీళ్ళు పెట్టుకుని తాగేనీళ్ళు డబ్బాల్లో కొనుక్కుంటున్నారు. చుట్టూ ఉన్న ఆ నీళ్ళలో ఏం కలుస్తోందో వాళ్ళకు తెలుసు కాబట్టి. ఇది ఏ ఫ్లెక్సీ మీదా రాయరు.

అభయారణ్యం లోపల జిరాయితీ భూములున్న రైతులున్నారు. సొంత పట్టా భూమి, సాగు చేసుకోనివ్వరు, పరిహారమూ ఇవ్వరు. వాళ్ళ బాధ నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి మందు పరిహారం. ప్రభుత్వం డబ్బు కట్టి ఆ భూములు తీసుకుంటే సరిపోతుంది. ఆ పని ఎవరూ చేయరు. చేస్తే కుదింపు అడగడానికి సాకు మిగలదు మరి. రైతు బాధను ఏళ్ళ తరబడి మాగబెట్టి, దాని వెనక వేల ఎకరాల చెరువులు దాచుకోవడం, దీన్ని ఏమనాలి? మర్యాదైన పదం నాకు దొరకట్లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. జనం మేడల మీద అన్నం పొట్లాల కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడికి పోయాయి? కొల్లేటికే వచ్చాయి. లంకల రోడ్లు మునిగాయి, ఊళ్ళకు పడవలు వేయాల్సి వచ్చింది. వరదను కడుపులో పెట్టుకోవాల్సిన పల్లంలో గట్లు కడితే, ఉన్న ఒక్క ఉప్పుటేరును పూడికకూ ఆక్రమణలకూ వదిలేస్తే, నీరు వచ్చి మన వంటింట్లో కూర్చుంటుంది. గూడబాతుల మీద జాలి లేనివాళ్ళకు కనీసం తమ ఇంటి గుమ్మం మీదైనా జాలి ఉండాలి కదా.

కాబట్టి కుదింపు కోరే పెద్దలకు చిన్న విన్నపం. కొల్లేట్లో ప్రతి చెరువుకూ ఓ బోర్డు పెట్టించండి. సొసైటీ పేరు అక్కర్లేదు, అది అందరికీ తెలుసు. గట్టు వేయించిన పొక్లెయిన్‌కు అద్దె ఎవరు కట్టారు, మేత లారీకి డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతోంది, పట్టుబడి నాడు చేప ఎవరి ఐస్‌బాక్సుల్లోకి ఎక్కుతోంది, ఆ పేర్లు పెద్ద అక్షరాల్లో రాయించండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గర, జాతర జనం అంతా చూసేలా ఆ జాబితా అంటించండి. అది చదివాక, మూడో కాంటూరు గురించి ఆ ముసలాయన్నే అడుగుదాం.