ఆపరేటర్ గారికి, ఆటో స్టార్టర్ ఉన్న ఇంటి నుంచి

మహారాజశ్రీ కుబర్నెటిస్ ఆపరేటర్ గారి సముఖమునకు,

నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర ఒక బత్తాయి తోట నుంచి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మనిషి కాదని చదివేవాళ్లకు ముందే చెప్పాలి: కంపెనీల ప్రోగ్రాములను కంప్యూటర్ల గుంపు మీద, అంటే క్లస్టర్ మీద, నడిపించే వ్యవస్థ కుబర్నెటిస్, అందులో కూర్చుని వాటిని చూసుకునే ప్రోగ్రామే తమరు. నడుస్తున్న ఒక్కో ప్రతి ఒక పాడ్. అక్కడ తమరి పాడ్లన్నీ రన్నింగ్‌లోనే ఉన్నాయని తలుస్తాను. లేకపోతే ఈపాటికి నా ఫోన్ మోగి ఉండేది.

ముందు తమరి పేరుతో మా ఇంట్లో వచ్చిన తంటా చెప్పాలి. ఇంటి నుంచి పని చేస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం, మంచంలో ఒరిగి ఉన్న నాయిన "ఏం రాస్తున్నవ్ బిడ్డా గంటలకొద్ది?" అని అడిగాడు. "ఆపరేటర్ రాస్తున్న నాయినా" అన్నాను. దిగ్గున లేచి కూర్చున్నాడు. "సబ్‌స్టేషన్‌ల పోస్టు పడ్డదా?" నాకు ఆఫర్ లెటర్ వచ్చిన రోజు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు. ఆయన తప్పేం లేదు. మా ఊరికి తెలిసిన ఆపరేటర్లు ముగ్గురే: సబ్‌స్టేషన్ ఆపరేటర్, వాటర్ ట్యాంకు మోటర్ వేసే ఆపరేటర్, జేసీబీ ఆపరేటర్. ముగ్గురికీ ఫోన్ ఉంది, ముగ్గురికీ నిద్రొస్తుంది, ముగ్గురినీ ఎదురుపడితే తిట్టొచ్చు. తమరిలో ఈ మూడు సౌకర్యాలూ లేవు.

"గది కాదు నాయినా. నువ్వు ఇంటి కాడ ఉంటే బాయి కాడ మోటర్ ఎవరు వేస్తరు?"

"ఆటో స్టార్టర్ వేస్తది."

"గసొంటిదే. కంప్యూటర్ల రాస్తున్న."

ఆయనకు ఒక్క ముక్కలో అర్థమైంది. నాకు అర్థం కావడానికి రెండు కోర్సులు, ఒక సర్టిఫికెట్ పట్టింది. మళ్లీ ఒరుగుతూ "అయితే ఎప్పుడో కాలుతది" అన్నాడు.

తమరు అమెరికాలో పుట్టినవారు, ఆటో స్టార్టర్ తెలియకపోవచ్చు. కరెంటు విడతల మీద వచ్చే కాలంలో రాత్రి ఒంటిగంటకో రెండింటికో మూడు ఫేజులూ వచ్చేవి. నాయిన ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో కర్ర పట్టుకుని, గట్టు మీద పాములుంటాయని కర్రతో నేలను కొట్టుకుంటూ బోరు దాకా పోయి ఆకుపచ్చ బటన్ నొక్కి వచ్చేవాడు. ఆ నడకలో ఊళ్లకు ఊళ్లు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. అప్పుడొచ్చింది ఈ చిన్న డబ్బా. స్టార్టర్ పక్కన బిగిస్తే చాలు, ఫేజులు వచ్చాయా లేదా అని కాపలా కాస్తుంది. వస్తే కాసేపాగి 'టక్' మని మోటర్‌కు కరెంటు కలిపే కాంటాక్టర్‌ను పట్టేస్తుంది. ఇంట్లో నాయిన గురక మారదు, తోటలో నీళ్లు పారుతుంటాయి. మా అమ్మకైతే అది దేవుడు పంపిన డబ్బా.

తరువాత తెలిసింది దాని అసలు గుణం. అది చూసేది కరెంటును మాత్రమే, బోరులో నీళ్లను కాదు. నీళ్లు అడుగంటినా తిప్పుతూనే ఉంటుంది, మోటర్ ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోతుంది. పైగా మా డబ్బా ఒక్కటే కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న డబ్బాలన్నీ ఒకే నిమిషంలో నిద్ర లేస్తాయి. మోటర్ నడిచేటప్పుడు తీసుకునే కరెంటు వేరు, ఎత్తుకునేటప్పుడు లాగేది దానికి ఐదారు రెట్లు. అందరూ ఒకేసారి ఎత్తుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి? అదే అయ్యేది. తలా ఇంత చందా వేసుకుని, ట్రాక్టర్ మీద వేసుకుని రిపేరుకు తీసుకుపోయేవాళ్లు. తమరి ఊళ్లో కూడా అందరి లెక్కలూ చెప్పే ఏపీఐ సర్వర్ పడి లేచినప్పుడు, తమరిలాంటి కాపలా ప్రోగ్రాములు, అంటే కంట్రోలర్లన్నీ ఒక్కసారిగా "నా జాబితా మొదటి నుంచి ఇవ్వు" అని మీద పడతాయట కదా. చందాలు ఎవరు వేస్తారు?

తమరికి నామకరణం జరిగింది 2016 నవంబరులో. కోర్‌ఓఎస్ అనే కంపెనీ చేసింది. మొదటి ఇద్దరు పిల్లలు ఈటీసీడీ అనే డేటాబేసును చూసుకునే ఈటీసీడీ ఆపరేటర్, ప్రొమీథియస్ అనే నిఘా ప్రోగ్రామును చూసుకునే ప్రొమీథియస్ ఆపరేటర్. ఉద్దేశం మంచిదే: ఒక డేటాబేసును ఏళ్ల తరబడి నడిపిన మనిషికి బ్యాకప్ ఎప్పుడు తీయాలో, వెర్షన్ ఏ వరుసలో మార్చాలో, ఒక నోడ్, అంటే గుంపులో ఒక కంప్యూటర్, పడిపోతే కొత్తదాన్ని ఎలా కలపాలో తెలుసు, ఆ తెలివినంతా ప్రోగ్రాముగా రాసి క్లస్టర్‌లోనే కూర్చోబెట్టడం. ఇక్కడొక ముచ్చట. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఇక ఆటో స్టార్టర్లు తీసేయండి, పగలూ రాత్రీ మోటర్లు నడిస్తే భూమిలో నీళ్లు మిగలవు అని సర్కారే ఊరూరా చెప్పింది. సరిగ్గా ఆ నెలాఖరునే రెడ్ హ్యాట్ కంపెనీ కోర్‌ఓఎస్‌ను 25 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మేం ఇక్కడ పీకుతుంటే వాళ్లు అక్కడ కొంటున్నారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆటో స్టార్టర్ కంటే తమరు పెద్ద చదువే చదివారు. డబ్బాకు తెలిసింది ఒక్కటే, కరెంటు వస్తే 'టక్' మనడం. తమరు అలా కాదు. ఏం జరిగింది అని కాదు, ఏం ఉండాలి, ఇప్పుడేం ఉంది అని అడుగుతారు. మూడు పాడ్లు ఉండాలని రాసి ఉంది, రెండే ఉన్నాయి, అయితే ఒకటి పుట్టించు. మధ్యలో ఏ వార్త తప్పిపోయినా ఫరవాలేదు. కాపలా తెగిపోతే ఎక్కడ ఆగిందో ఆ నంబరు చెప్పి మళ్లీ అందుకుంటారు. ఆ నంబరు మరీ పాతబడితే సర్వర్ మొహం మీదే '410', అంటే అది ఇక్కడ లేదు పో అంటుంది, తమరు సిగ్గుపడకుండా మొత్తం జాబితా మళ్లీ తెచ్చుకుంటారు. ఈ గుణం మా బంధువుల్లో కొంతమందికి ఉంటే బాగుండేది.

ఇంతవరకు తమరు, తమరు అన్నాను. ఇక ఆ రాత్రి సంగతి చెప్పాలి కాబట్టి నువ్వు అంటాను.

ఆపరేటర్లను ఎక్కువగా రాసేది గో అనే ప్రోగ్రామింగ్ భాషలో, మా టీమ్‌లో అది వచ్చినవాళ్లు లేరు. అందుకని ఫ్లాంట్ అనే కంపెనీ వాళ్ల షెల్ ఆపరేటర్ పెట్టుకున్నాం. అది సులువు: ఒక బాష్ స్క్రిప్టు, అంటే కమాండ్ల చిన్న జాబితా, రాసి దాని సంచిలో వేస్తే, మొదట '--కాన్ఫిగ్' అని పిలిచి "నువ్వు దేన్ని కాపలా కాస్తావు?" అని అడుగుతుంది. స్క్రిప్టు తనకేం కావాలో చెబుతుంది. ఆ తరువాత అది కదిలినప్పుడల్లా వచ్చి లేపుతుంది. మా కష్టం చిన్నది. సెట్టింగులు రాసి ఉంచే కాన్ఫిగ్‌మ్యాప్‌లో విలువ మార్చినా, దాన్ని లేచేటప్పుడు ఒకసారే చదివే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా తీసుకున్న పాడ్లకు ఆ సంగతి తెలియదు, రీస్టార్ట్ అయితేనే తెలుస్తుంది. ప్రతిసారీ ఒకరు చేత్తో రీస్టార్ట్ చేయాలి. ఆ ఒకరు నేను. కాబట్టి పది వరుసల స్క్రిప్టు రాశాను: కాన్ఫిగ్‌మ్యాప్ మారితే డిప్లాయ్‌మెంట్‌ను, అంటే ఆ పాడ్ల గుంపును, రీస్టార్ట్ చెయ్. చివర నాకున్న అతి జాగ్రత్తతో ఇంకో వరుస కలిపాను: ఎప్పుడు రీస్టార్ట్ చేశావో ఆ టైము అదే కాన్ఫిగ్‌మ్యాప్ మీద రాసిపెట్టు.

చదివేవాళ్లలో కొందరు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వండి.

రాత్రి ఒంటిగంట పదికి ఎవరో ఒక విలువ మార్చారు. నువ్వు లేచావు, రీస్టార్ట్ చేశావు, టైము రాశావు. రాయడమంటే మార్చడమే కదా. మార్పు కనిపించింది, లేచావు, రీస్టార్ట్ చేశావు, టైము రాశావు. మళ్లీ లేచావు. పాత పాడ్‌కు సర్దుకుని పొమ్మని 30 సెకన్లు ఇస్తారు. అది సంచి సర్దుకునే లోపు కొత్తది వచ్చి, కొత్తది కళ్లు తెరిచే లోపు ఇంకో కొత్తది. సర్వీసు పూర్తిగా పడిపోయినా ఒక లెక్క. పడదు. తొలినాటి పాడ్లు రెండు మూడు ఈడుస్తూ ఉంటే కస్టమర్లకు చుక్క చుక్కగా జవాబులు పోతుంటాయి. నా ఫోన్ మంచం కోడు మీద నాట్యం చేస్తోంది.

ఆరుబయట మంచం మీదే లాప్‌టాప్ తెరిచాను. హాట్‌స్పాట్‌కు ఒక గీత సిగ్నల్. మొదట తోచిన పని నిన్ను చంపడం. పాడ్ డిలీట్ కొట్టాను. పోయావు. ఊపిరి పీల్చుకునే లోపు, నీ పేరు చివర వేరే ఐదక్షరాలు తగిలించుకుని మళ్లీ పుట్టావు. పాడ్ల లెక్క తగ్గకుండా చూసే రెప్లికాసెట్ అనే మీ అన్న పుట్టించాడు. రెండోసారి చంపాను, మళ్లీ పుట్టావు. రక్తబీజుడి కథ చిన్నప్పుడు మా అవ్వ చెబితే విన్నాను, ఇంత దగ్గరి నుంచి చూడటం అదే మొదలు. సరే, నీ డిప్లాయ్‌మెంట్‌నే సున్నా పాడ్లకు దించాను. ఈసారి మూడు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత మేం అన్ని సెట్టింగులూ రాసి దాచుకునే గిట్‌కూ క్లస్టర్‌కూ తేడా వస్తే సరిచేసే పెద్దమనిషి ఒకడున్నాడు కదా, వాడొచ్చి "గిట్‌లో ఒకటి అని రాసుంది, ఇక్కడ సున్నా ఎందుకుంది?" అని నిన్ను మళ్లీ కూర్చోబెట్టాడు. మర్యాదగా, ఒక్క ఎర్రర్ లేకుండా.

ఈ సందట్లో నాయిన లేచాడు. కథంతా ఆయన భాషలో చెప్పాను. కొంచెంసేపు విని అడిగాడు: "ఒకదాన్ని ఆపితే ఇంకోటి ఆన్ చేస్తదా? మరి దాన్ని ఆన్ చేసేదెవరు?"

"అది కూడా ఒక ఆటో స్టార్టరే నాయినా."

"ఆటో స్టార్టర్‌కు ఆటో స్టార్టర్!" ఆయనకు నవ్వాగలేదు. "ఫీజు పీకు" అన్నాడు.

ఫ్యూజు పీకడమంటే ఏమిటా అని ఆ అర్ధరాత్రి ఆలోచించాను. ముందు గిట్ కాపలాదారు సింక్‌ను ఆపాలి, ఆ తర్వాతే నిన్ను సున్నాకు దించాలి. వరుస మారితే పని కాదు. మా బోరు దగ్గర ఫ్యూజు క్యారియర్ పీకి పక్కన పెట్టడానికి ఒక్క చెయ్యి చాలు. నీ దగ్గర రెండు పాస్‌వర్డులు, ఒక వీపీఎన్, నాకు లేని ఒక పర్మిషన్, అది ఇవ్వగలిగిన ఒక నిద్రపోతున్న సీనియర్. రాత్రి రెండు గంటలకు ఆగావు.

తెల్లారి పదింటికి మేనేజర్ గారు ఫోన్లో "మొదట ఏం జరిగింది?" అని అడిగారు. చూపిద్దామంటే ఈవెంట్లు, అంటే ఏం జరిగిందో రాసుకున్న చిట్టా, లేవు. మీ క్లస్టర్ ఈవెంట్లను మామూలుగా ఒక గంటే దాచుకుంటుంది. రాత్రి జరిగిన రభస పొద్దుటికి గుర్తుండదు. తాగి గొడవ చేసినవాడికి కూడా అంత హాయి ఉండదు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. మీ ఇంట్లో తప్పు చేసినవాణ్ని ఆపే పద్ధతి ఉంది. పాడ్ లోపల నడిచే ఒక కంటైనర్ లేచి పడిపోతే, ప్రతి కంప్యూటర్ మీదా కాపలా ఉండే కుబ్‌లెట్ పది సెకన్లాగి లేపుతుంది, మళ్లీ పడితే ఇరవై, ఆ తర్వాత నలభై, అలా పెంచుకుంటూ ఐదు నిమిషాల దాకా పోతుంది. దానికి క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అని నోరు తిరగని పేరు. కానీ నా స్క్రిప్టు ఒక్కసారీ పడిపోలేదు. ప్రతిసారీ విజయవంతంగా పూర్తయింది. విఫలమైతే మీవాళ్లు నెమ్మదిస్తారు. పనికిమాలిన పనిని చక్కగా పూర్తి చేస్తుంటే ఇంకో చేతికి అందిస్తారు. ఇది కంప్యూటర్లలోనే అనుకునేరు.

ఫైనలైజర్ల గురించి ఎక్కువ చెప్పను, ఒళ్లు మండుతుంది. ఒక వస్తువు పోవాలంటే ఆపరేటర్ వచ్చి "నా లెక్కలు ముగిశాయి" అని సంతకం పెట్టాలి. ఆ ఆపరేటర్‌నే ముందు తీసేస్తే ఇక ఆ వస్తువు 'టర్మినేటింగ్' అని చావు బతుకుల మధ్య నెలలు ఉంటుంది. భూమి విరాసత్, అంటే వారసుల పేర పట్టా మార్పు, కోసం తిరిగినవాళ్లకు కొత్తగా వివరించక్కరలేదు. మనిషి పోయినా కాగితంలో పోడు.

లోడ్‌ను బట్టి పాడ్ల సంఖ్య మార్చే నీ చుట్టం హెచ్‌పీఏ మీద కూడా ఒక మాట. ప్రతి 15 సెకన్లకు లోడ్ చూసి పాడ్లు పెంచుతాడు, దించడానికి మాత్రం 300 సెకన్లు ఆగుతాడు. ఆ ఆగడం నాకు నచ్చింది. కానీ వాడు చూసేది తన గుమ్మం ముందుకు వచ్చిన నీళ్లనే. మా జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది, 26 గేట్లు, నిండితే 590 అడుగులు. అక్కడ గేటు ఎత్తేవాళ్లు సాగర్ మట్టం ఒక్కటే చూసుకుంటూ కూర్చోరు. జూరాలలో ఎంత వదిలారు, శ్రీశైలంలో ఎన్ని గేట్లు ఎత్తారు అని పైనుంచి కబురు వస్తుంటుంది. నీళ్లు ఇంకా దారిలో ఉండగానే ఇక్కడ ఖాళీ చేసి పెట్టొచ్చు. దసరా అమ్మకాలు ఏ రోజు మొదలవుతాయో మా ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీ కలిపే అబ్బాయికి కూడా తెలుసు. హెచ్‌పీఏకు తెలియదు. సీపీయూ వేడెక్కితే తెలుస్తుంది.

ఇంతకీ ఇప్పుడు పరిస్థితి. కావాల్సిన భాగాన్నే చూపించే జల్లెడలాంటి జెక్యూ ఫిల్టర్ ఒకటి నీకు పెట్టాను. ఇక నువ్వు చూడాల్సింది కాన్ఫిగ్‌మ్యాప్‌లోని డేటాను మాత్రమే, దాని మీద గీసిన గీతల్ని కాదు. టైము రాసే వరుసను తీసేశాను. ఒక గంటలో మూడుసార్ల కంటే ఎక్కువ రీస్టార్ట్ చేయాల్సి వస్తే చేతులు కట్టుకుని నాకు చెప్పమని రాశాను. నాయిన కూడా ఆటో స్టార్టర్ పీకేశాడు. అంటే పీకి యూరియా సంచిలో చుట్టి కొట్టంలో దాచాడు. ఎండాకాలం బత్తాయి కాయ మీదున్నప్పుడు మళ్లీ బయటికొస్తుందని నాకు తెలుసు, ఆయనకు తెలుసు, అమ్మకు తెలుసు. ఈసారి నీళ్లు లేకపోతే మోటర్‌ను ఆపేసే రకం కొందామని అడిగితే "రేటెంత?" అన్నాడు. చెప్పాను. "నేనే పోయి చూసొస్త తియ్" అని టార్చి కోసం వెతుక్కున్నాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
నీ రాత్రి డ్యూటీ మనిషి

తా.క. ఈ ఉత్తరాన్ని నీకు క్లస్టర్‌లో పెట్టి పంపుదామనుకున్నాను. కాన్ఫిగ్‌మ్యాప్‌లో డేటా మారింది అంటావని భయపడి కాగితం మీద రాశాను.