పోయింది వాళ్ళ దగ్గర, రుజువు అడిగేది మనల్ని

అమెరికా వలస సేవల విభాగం నుంచి వచ్చే ఉత్తరాల్లో ‘మీ పత్రాలు మా దగ్గర పోయాయి’ అన్న మాట కనబడదు. ‘మీ దరఖాస్తుతో ఫలానా పత్రం జతచేయలేదు, ఫలానా తేదీలోగా పంపండి’ అని ఉంటుంది. మనవాళ్ళందరూ ఆర్‌ఎఫ్‌ఈ అని పిలుచుకునే ఉత్తరం ఇదే. అది చదవగానే మొదట అనుమానం తమ మీదే కలుగుతుంది. భోజనాల బల్ల మీద కాగితాలన్నీ పరుచుకుని, ఒక్కొక్కటీ సరిచూసి కవరులో పెట్టిన రాత్రి గుర్తుంటుంది. అయినా ‘నువ్వు పెట్టావా? నేను పెట్టానా?’ అని భార్యాభర్తలు ఒకరినొకరు అడుగుతారు. పోగొట్టింది కార్యాలయమైనా మాట పడేది ఇంట్లోవాళ్ళే. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మూలం రసీదులో ఉంది. దరఖాస్తు అందాక ఐ-797 అనే పత్రం వస్తుంది. దాని మీద మూడు అక్షరాలు, పది అంకెలు కలిసిన రసీదు నంబరు ఉంటుంది. ఫలానా ఫారం అందింది, ఫలానా ఫీజు అందింది అని ఆ పత్రం చెబుతుంది. ఫారంతో పాటు వెళ్లిన జనన ధ్రువపత్రం గురించి, పెళ్లి ధ్రువపత్రం గురించి, బ్యాంకు కాగితాల గురించి అందులో ఏమీ ఉండదు. కవరు అందిందనడానికి కొరియర్ సంస్థ రుజువు ఇస్తుంది. కవరులో ఏమున్నదో చెప్పే మూడో మనిషి ఎవరూ లేరు.

మా నాన్నగారు తహసీల్దారు కార్యాలయానికి ఏ అర్జీ తీసుకెళ్లినా రెండు ప్రతులు పట్టుకెళ్లేవారు. అర్జీ చివర ‘జతపరచినవి’ అని రాసి, కింద ఒకటి, రెండు, మూడు అంటూ కాగితాల పేర్లు రాసేవారు. ఒక ప్రతి లోపలికి ఇచ్చి, రెండో దాని మీద అందినట్లు ముద్ర, తేదీ, పొట్టి సంతకం వేయించుకోకుండా కదిలేవారు కాదు. చిన్నప్పుడు అది చాదస్తం అనిపించేది. ఆ ముద్ర పడింది అర్జీ మీద మాత్రమే కాదని, జతపరచిన కాగితాల జాబితా మీద కూడానని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. తర్వాత ఎప్పుడైనా ఫైలులో కాగితం లేదంటే, అది ఎక్కడ పోయిందో చెప్పాల్సిన బాధ్యత కార్యాలయం మీదే పడేది. అమెరికాలో తపాలాలో వేసే దరఖాస్తుకు ఆ రెండో ప్రతి లేదు. లాక్‌బాక్స్ అనే స్వీకరణ కేంద్రంలో మనం మాట్లాడగలిగే గుమాస్తా కూడా ఉండడు.

కాగితాలు పోవడం అరుదైన దురదృష్టం కాదని చెప్పడానికి అధికారిక రికార్డులే చాలు. 2002లో కాలిఫోర్నియాలోని లగూనా నిగేల్‌లో, అప్పటి వలస విభాగానికి చెందిన కేంద్రంలో ఒప్పందం మీద పనిచేసే సంస్థ ఉద్యోగులు పేరుకుపోయిన కాగితాలను కత్తిరించే యంత్రంలో వేసి బకాయి తగ్గించారు. సుమారు 90,000 పత్రాలు అలా నాశనమయ్యాయని, వాటిలో పాస్‌పోర్టులు, జనన ధ్రువపత్రాలు కూడా ఉన్నాయని 2003 జనవరిలో ఇద్దరి మీద అభియోగాలు మోపారు. ఆ కాగితాలు పంపినవారికి అప్పట్లో తెలిసింది ఒక్కటే: జవాబు రావడం లేదు. 2006లో అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జీఏఓ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. ఎక్కువ పని ఉండే 14 కార్యాలయాల్లో దాదాపు 1,11,000 ఫైళ్ళు కనబడటం లేదని తేల్చింది. అంతకుముందు ఏడాదిలో సుమారు 30,000 పౌరసత్వ దరఖాస్తులను అసలు ఫైలు చూడకుండానే పరిష్కరించి ఉండవచ్చని కూడా అందులో ఉంది.

బ్రిటన్‌లో జరిగింది ఇంకా దారుణం. 1948లో విండ్‌రష్ ఓడ వచ్చింది మొదలు కరీబియన్ దీవుల నుంచి వెళ్లి స్థిరపడినవారి రాక తేదీలకు ఆధారమైన ల్యాండింగ్ కార్డులను హోమ్ ఆఫీసు 2010లో పారవేసింది. తర్వాత అదే హోమ్ ఆఫీసు, బడికి వెళ్లే వయసులో వచ్చి అక్కడే ముసలివారైన వాళ్ళను ‘మీరు ఇక్కడే ఉన్నట్టు ఏడాది వారీగా రుజువులు చూపండి’ అని అడిగింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగిపోయింది. కనీసం 83 మందిని తప్పుగా దేశం దాటించారు. 2018 ఏప్రిల్‌లో హోమ్ మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. కార్యాలయం చేతిలో కాగితం నాశనమైతే దాని బరువు ఎవరి మీద పడాలి అన్న ప్రశ్న విండ్‌రష్‌తో ప్రపంచం ముందుకు వచ్చింది. అమెరికాలో గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డ తెలుగు కుటుంబాలకూ ఆ ప్రశ్నే ఎదురవుతోంది.

అయితే ‘పోయింది’ అని మనం అనుకునే ప్రతి కాగితమూ పోయినట్టు కాదు. చాలాసార్లు అది భవనంలోనే ఉంటుంది, మన ఫైలులో మాత్రం ఉండదు. దరఖాస్తుతో కలిపి వెళ్లిన కాగితం కంటే విడిగా, తర్వాత వెళ్లిన కాగితానికి ఈ గతి పట్టే అవకాశం ఎక్కువ. 2020 అక్టోబరులో వీసా తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు మనవాళ్ళు చాలామంది ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తులు హడావుడిగా వేసి, వైద్య పరీక్షల ఐ-693 సీల్డ్ కవరు తర్వాత పంపారు. తర్వాత వెళ్లిన కవరు ముందే వెళ్లిన ఫైలును వెతుక్కుని చేరాలి. చేరలేదని తెలిసేసరికి నెలలు గడిచిపోయేవి. 2024 డిసెంబరు నుంచి ఆ పరీక్ష పత్రాన్ని దరఖాస్తుతో పాటే పెట్టాలన్న నియమం వచ్చింది. ఖర్చు ముందే పడుతుందన్న ఇబ్బంది ఉన్నా, ఈ ఒక్క కారణంతో ఆ నియమం మంచిదే అంటాను.

పేర్ల చిక్కు మరీ మనది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పెళ్లి ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే వీసా మీద సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని అచ్చవుతుంది. దీనికి తోడు వలస విభాగం ఒక్కొక్కరి ఫైలుకు ఇచ్చే ‘ఎ-నంబరు’ చాలామందికి రెండు ఉంటాయి. చదువు అయ్యాక పని చేసుకోవడానికి వచ్చిన ఓపీటీ కార్డు మీద ఒకటి, ఆ తర్వాత గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 ఆమోద పత్రం మీద మరొకటి. రెండు నంబర్లంటే రెండు ఫైళ్ళు. ఒకదానికి పంపిన పత్రం రెండోదానిలో చేరి ఉండవచ్చు. అందుకే ఏ ఉత్తరం రాసినా రెండు నంబర్లూ, పేరు ఎన్ని రకాలుగా నమోదైందో అన్ని రకాలూ పైనే రాయాలి. ఈ ఒక్క పనితో దొరికే కాగితాలు ఉంటాయి.

ఉత్తరం వచ్చిన రోజు ఏం చేయాలి? గడువు లెక్క మొదట చూసుకోవాలి. ఆర్‌ఎఫ్‌ఈకి చట్టం ఇచ్చే అత్యధిక గడువు 12 వారాలు, పొడిగింపు ఉండదు. జవాబు ఒక్కసారే పంపాలి, విడతలుగా పంపితే మొదటి విడతనే పూర్తి జవాబుగా తీసుకుంటారు. ‘ఇది ముందే పంపాం, చూసుకోండి’ అని మాత్రం రాసి ఊరుకోవద్దు. కోపం న్యాయమైనదే, కానీ ఆ జవాబుతో దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. ‘ఫలానా తేదీన ఫలానా ట్రాకింగ్ నంబరుతో పంపాం, అందినట్టు రుజువు ఇదిగో, అదే పత్రం మళ్ళీ జతచేస్తున్నాం’ అని రాయడం మేలు. ఆ వాక్యం ఈరోజు కోసం కాదు, రేపు తిరస్కరిస్తే పనికొస్తుంది. జవాబు రాలేదన్న కారణంతో దరఖాస్తును వదిలేసినట్టుగా భావించి మూసేస్తే దాని మీద అప్పీలు లేదు. ఫైలు తిరిగి తెరవమని 30 రోజుల్లో, నిర్ణయం తపాలాలో వచ్చి ఉంటే 33 రోజుల్లో, అడగవచ్చు. అలా అడగడానికి నియమం ఒప్పుకునే కారణాల్లో ఒకటి, ఆ పత్రం దరఖాస్తుతోనే ఇచ్చి ఉండటం. అప్పుడు చూపించాల్సింది మన దగ్గరి జాబితా, స్కాన్ చేసిన పూర్తి దరఖాస్తు ప్రతి, కొరియర్ రుజువు. అవి లేనివారికి ఆ తలుపు ఉన్నా తెరుచుకోదు.

మనవాళ్ళు వాడుకోని దారులు రెండున్నాయి. అమెరికా సమాచార చట్టం కింద తన ఫైలు తానే తెప్పించుకోవడం ఒకటి. 1966 నాటి ఆ చట్టం 20 పనిదినాల్లో జవాబివ్వాలంటుంది, నిజానికి ఎక్కువ పట్టవచ్చు. అయినా అధికారి ముందున్న ఫైలులో ఏముందో, ఏది లేదో కంటితో చూసుకోవచ్చు. రెండోది, తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయం. ‘మాకు ఓటు లేదు కదా, మా మాట ఎందుకు వింటారు’ అని చాలామంది వెనకాడతారు. ఆ కార్యాలయాలు నియోజకవర్గంలో నివసించే వారందరి కోసం పనిచేస్తాయి, ఓటరు కానక్కరలేదు. ఒక అనుమతి పత్రం మీద సంతకం పెడితే వాళ్ళే విభాగాన్ని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సిన మనిషి అవతల ఒకరుంటారు.

అసలు పత్రమే పంపి ఉంటే కథ వేరు. ప్రత్యేకంగా అడిగితే తప్ప నకళ్ళే పంపమని ఫారాల సూచనల్లోనే ఉంటుంది. అడగకుండా పంపిన అసలు పత్రాలను తిరిగి ఇవ్వకపోవచ్చని, నాశనం చేయవచ్చని కూడా ఉంటుంది. ఆ సూచనలు చదివే ఓపిక లేక, ‘అసలుది పెడితే నమ్మకం ఎక్కువ’ అనుకుని పంపేవారు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని మళ్ళీ సంపాదించడం మన రాష్ట్రాల్లో అంత తేలిక కాదు. నకలు డిగ్రీ కావాలంటే చాలా విశ్వవిద్యాలయాలు నోటరీ అఫిడవిట్‌తో పాటు పోలీసుల నుంచి కాగితం అడుగుతాయి. స్టేషనుకు వెళ్తే ‘ఎక్కడ పోయింది?’ అన్నది మొదటి ప్రశ్న. పోయింది పన్నెండు వేల కిలోమీటర్ల అవతల. కొత్త కాగితం వచ్చాక కూడా చిక్కు తీరదు. జేఎన్‌టీయూ 2008లో విడిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో రెండైంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. పాత పత్రంలో గుంటూరు జిల్లా అని ఉన్న ఊరు కొత్త పత్రంలో పల్నాడులోనో బాపట్లలోనో ఉంటుంది. రెండూ ఒకే ఊరని నెబ్రాస్కాలో కూర్చున్న అధికారికి తెలియాల్సిన అవసరం లేదు. ప్రభుత్వ ఉత్తర్వు నకలుతో, ఒక పేజీ వివరణతో మనమే చెప్పాలి.

అన్నిటికంటే కష్టం ముసలి తల్లిదండ్రుల కాగితాలది. పల్లెల్లో ఆ తరం పుట్టుకలు చాలావరకు నమోదు కాలేదు. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది. అందుకని రికార్డు లేదన్న ధ్రువీకరణ తెచ్చుకుని, బడి కాగితం ఏదైనా ఉంటే జతచేసి, అదీ లేకపోతే పుట్టుక ఎరిగిన ఇద్దరు పెద్దల చేత అఫిడవిట్లు రాయిస్తారు. అమ్మ పుట్టిన రోజు ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఎందరు మిగిలి ఉంటారు? ఓ మేనమామ, ఓ పెద్దమ్మ. వాళ్ళను నోటరీ దగ్గరకు తీసుకెళ్లి, వేలిముద్ర వేయించి తెచ్చిన కాగితం అది. అది పోయిందని ఉత్తరం వచ్చే నాటికి ఆ పెద్దమ్మ ఉండకపోవచ్చు. ఫోను కెమెరాతో తీసిన ఒక్క నకలైనా దగ్గర లేకపోతే ఆ సాక్ష్యం మళ్ళీ పుట్టదు. కాగితాలు పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చులే అని తేలికగా అనేవారికి నేను చెప్పేది ఈ అఫిడవిట్ సంగతే.

ఇన్ని జాగ్రత్తలు దరఖాస్తుదారుకు చెబుతున్న నాకు ఒక అసంతృప్తి ఉంది. జాగ్రత్త పడటం మన పని అంటూ పోతే పోగొట్టేవారి బాధ్యత మాట మరుగున పడుతుంది. చదువుకున్నవారు, వకీలును పెట్టుకోగలిగినవారు స్కాన్ చేసి దాచుకుంటారు. ఇంగ్లీషు రాని తల్లి కోసం కొడుకు పని ముగించుకుని రాత్రి పదకొండింటికి నింపిన దరఖాస్తుకు ఆ రక్షణ ఉండదు. లక్షల కవర్లు వచ్చే చోట ప్రతి కాగితాన్నీ లెక్కపెట్టలేమని విభాగం అనవచ్చు. కానీ ఆన్‌లైన్‌లో కుటుంబసభ్యుల కోసం ఐ-130 వేసినవారు, పౌరసత్వానికి ఎన్-400 వేసినవారు తాము ఎక్కించిన ప్రతి పత్రాన్నీ తమ ఖాతాలో చూసుకోగలుగుతున్నారు. జతపరచినవి ఏమిటన్న రుజువు వాళ్ళకు ఇప్పటికే ఉంది. చాలామందికి చివరి మెట్టైన ఐ-485 దరఖాస్తు ఇంకా ప్రధానంగా కాగితం మీదే నడుస్తోంది. ఒకే విభాగం, ఒకే చట్టం, కాగితం మీద వేసినవారికి మాత్రం ఈ హక్కు లేదు.

కాబట్టి అడగాల్సింది చిన్నదే. కవరు తెరిచిన చోటే పేజీలు లెక్కపెట్టి, ఆ అంకెను ఐ-797 మీద అచ్చువేయాలి. జాబితాతో, అందిన రుజువుతో దరఖాస్తుదారు వచ్చినప్పుడు, పత్రం ఇచ్చినట్టే భావించి, తిరిగి తెప్పించుకోవడానికి పట్టే కాలాన్ని గడువులో లెక్కించకూడదు. తెలుగు సంఘాలు ప్రతి ఎన్నికల ఏడాదీ కాంగ్రెస్ సభ్యులను వేదికల మీదకు పిలిచి శాలువాలు కప్పుతాయి. ఈసారి శాలువాతో పాటు ఈ రెండు వాక్యాలూ రాసిన అర్జీ ఇవ్వాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద అందినట్లు సంతకం చేయించుకుని రావాలి.