జెంటూ అంటే మనమే

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, వస్తే చాలు, ప్రతి వేదిక మీదా 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అనే మాట వినాల్సిందే. పరాయివాళ్లు పెట్టిన ఆ ముద్దుపేరు మనకు బాగానే గుర్తుంది. వాళ్లే వాడిన ఇంకో పేరు, జెంటూ, మాత్రం ఎవరూ ఎత్తరు. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేయించిన తెలుగు వ్యాకరణం పేరులోనే 'సాధారణంగా జెంటూ అని పిలిచే' భాష అని ఉంది.

ఈ మాట పుట్టిల్లు లాటిన్. అక్కడ గెన్స్ అంటే వంశం, ఒకే ఇంటిపేరు గలవాళ్లు. జూలియస్ సీజర్‌ది యూలియా గెన్స్. పుట్టుకకు సంబంధించిన ధాతువు అది, సంస్కృతంలోని 'జన్' కూడా ఆ వేరుదే, అంటే మనం రోజూ అనే 'జనం' దానికి దూరపు చుట్టం. ప్రథమా విభక్తిలో గెన్స్, షష్ఠిలో గెంతిస్. కన్ను 'కంటి' అయినట్టే ఉంది కదా అనిపిస్తుంది గానీ, మనకు 'టి' కొత్తగా వచ్చి చేరుతుంది, వాళ్లకు 'త' మొదటినుంచీ ఉండి ప్రథమలో 'స్' ముందు రాలిపోయింది.

అసలు తమాషా బహువచనంలో ఉంది. గెన్స్ మన ఇల్లు, గెంతేస్ అనేసరికి తరచు బయటి జాతులు! విశేషణం గెంతీలిస్‌ది ఇంకా విడ్డూరం: 'మా వంశంవాడు' అని మొదలై క్రైస్తవుల లాటిన్‌లో 'అన్యమతస్థుడు' అయింది. అదే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వెళ్లి జెంటిల్‌మన్‌లో పెద్దమనిషి తరహాగా కూర్చుంది, పోర్చుగీసులో 'జెంతియు' అయి ఓడెక్కి మన దేశానికి వచ్చింది. ఆ పరాయివాళ్ల నోట ముస్లింలు మూర్‌లు, హిందువులు జెంటూలు. 1776లో హాల్‌హెడ్ ఇంగ్లీషులోకి తెచ్చిన హిందూ ధర్మశాస్త్రం పేరు కూడా 'జెంటూ చట్టాలు'. మద్రాసు వైపు మాత్రం అది ప్రత్యేకించి తెలుగువాళ్లకూ తెలుగుకూ అంటుకుపోయింది.

దీన్ని అవమానమని ఊగిపోనక్కర్లేదు, అలాగని మరిచిపోవడమూ తగదు. హైస్కూలు తెలుగు వాచకంలో దీనికి ఒక్క పేజీ ఇవ్వాలని మా కోరిక. కంపెనీ కాలం ఇంగ్లీషు కాగితాల్లో తెలుగు జాడ వెతికే పరిశోధక విద్యార్థి 'తెలుగు' అని మాత్రమే వెతికితే సగం సరుకు కంటపడదు. పోనీ నెట్‌లో జెంటూ అని కొడితే ముందు అంటార్కిటికా పెంగ్విన్ ఒకటి వస్తుంది, వెంటనే ఆ పెంగ్విన్ పేరు పెట్టుకున్న లినక్స్ రకం కంప్యూటర్ వ్యవస్థ వస్తుంది. మన పేరు కోసం చాలా కిందికి జరపాలి.