నల్లరాయి గారికి, బస్టాండు, మంచినీళ్ల ప్లాంటు గోడ

అయ్యా శిలాఫలకం గారూ,

నమస్కారం. నేను మీకు కొత్త కాదు. బస్సు కోసం నిలబడి మిమ్మల్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి కొన్ని వందలసార్లు చదివినవాణ్ణి. నాకు కంఠతా వచ్చినవి రెండే. ఒకటి ఆంజనేయ దండకం, రెండోది మీరు.

ఇప్పుడీ ఉత్తరం ఎందుకంటే, మా ఊరి సేవా క్లబ్బుకు యాభై ఏళ్లు నిండాయి. స్వర్ణోత్సవ సంచిక వేస్తున్నారు. ప్రెసిడెంటు గారు అరడజను అరటిపళ్లతో మా ఇంటికొచ్చి, "మాస్టారూ, క్లబ్బు చరిత్ర మీరే రాయాలి. ఎనిమిది పేజీలు చాలు, మిగతా నలభై యాడ్లు" అన్నారు. రిటైరైన తెలుగు మాస్టారికి ఇంతకన్నా పిలుపు ఏం వస్తుంది? సరేనన్నాను. మినిట్స్ పుస్తకాలు ఇప్పించమంటే, పాత సెక్రటరీ గారి గోడౌన్లో ఉన్నాయన్నారు. వెళ్లి చూస్తే చెదలు నాకంటే ముందే శ్రద్ధగా చదివేశాయి. ఇక ఫొటోలు. అట్టపెట్టెల నిండా ఉన్నాయి, కానీ అన్నిట్లోనూ ఒకటే దృశ్యం. శాలువా కప్పేవారు, కప్పించుకునేవారు, ఇద్దరి మధ్య నుంచి తల దూర్చిన ఒక చారల చొక్కా ఆయన. ఇరవై ఏళ్ల ఫొటోల్లో ఆయన తలే ఉంది. ఎవరని అడిగితే మెంబర్లెవరికీ తెలియదు.

అలా అన్ని దారులూ మూసుకుపోయాక మిగిలింది మీరు, మీ అన్నదమ్ములు. సైకిలేసుకుని మూడురోజులు ఊరంతా తిరిగి లెక్కపెట్టాను. ముప్పైఒక్క రాళ్లు. క్లబ్బు చరిత్రంతా ఇదే.

మీ పుట్టుక గురించి నాకు గౌరవమే. చీమకుర్తి కొండల్లో పుట్టారు. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు, గెలాక్సీ గ్రానైట్ అని పేరు. మీతోపాటు గనిలోంచి బయటపడ్డవాళ్లు ఓడలెక్కి విదేశాల్లో పెద్దపెద్ద భవనాలకు నేలగా పరుచుకున్నారు. మీరేమో మా బస్టాండు గోడకు అతుక్కున్నారు. ఈ వైపే మీ చుట్టం ఒకడున్నాడు, మార్కాపురం పలక. వాడి మీద తప్పు రాస్తే పిల్లలు చేత్తో తుడిచేసి మళ్లీ రాసేవాళ్లు. మీకా సౌకర్యం లేదు. అందుకే పదేళ్లుగా మీ మీద "శుధ్ధ జలం" అలాగే ఉంది. తెలుగు మాస్టారిగా ప్రతి ప్రయాణానికీ ముందు నేను పడుతున్న టెన్షన్ అది.

మీ మీద ఇరవైమూడు వరుసలు. ప్రారంభించినవారు, అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి (ఈ ముగ్గురికీ తేడా ఏమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు), ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్, ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, ఆరుగురు మాజీలు. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో డిస్ట్రిక్ట్ గవర్నర్ గారు, అంటే ఈ ప్రాంతపు క్లబ్బులకు పెద్ద. ఆయన వచ్చిన రోజు మా పక్కింటి పెద్దమ్మ రాజ్‌భవన్ నుంచే వచ్చారనుకుని, పింఛను అర్జీ పట్టుకుని గంటసేపు నిలబడింది. పాపం ఆయన వేరే ఊళ్లో మందుల షాపు పెట్టుకున్న పెద్దమనిషి. అర్జీ తీసుకుని, చదివి, "అమ్మా, నేను ఆ గవర్నర్ని కాదు" అని మర్యాదగా తిరిగిచ్చారు. ఇక నీళ్ల సంగతి మీ మీద ఇరవైరెండో వరుసలో ఉంది. ఇరవైమూడో వరుస రాయి ఇచ్చిన గ్రానైట్ ఫ్యాక్టరీ వారిది.

చరిత్ర కదా, మొదటి నుంచీ రాద్దామని ఇలాంటి క్లబ్బుల పుట్టిల్లు వెతికాను. వాటిలో పెద్దవి రెండూ షికాగోవే. 1905లో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి రోటరీ మొదలుపెట్టాడు. ఒకవారం ఒకరి ఆఫీసులో, మరోవారం ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కూర్చునేవారు కాబట్టి ఆ పేరు. 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ ఆయన లయన్స్‌కు శ్రీకారం చుట్టాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు లేకుండా సేవా క్లబ్బు ఉండదన్న రూలు ఆనాటిదేనేమో. మా ఊరి క్లబ్బు ఏ గొడుగు కిందదో మాత్రం చెప్పను. మీ నెత్తిన చెక్కే ఉందిగా.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1907లో రోటరీ వాళ్లు మొట్టమొదటి ప్రజాసేవగా ఏం తలకెత్తుకున్నారో తెలుసా? షికాగో నగరపాలక భవనం దగ్గర పబ్లిక్ మరుగుదొడ్లు. శిలాఫలకం గారూ, మీ ముప్పైఒక్క మందిలో మరుగుదొడ్డి గోడ మీద ఉన్నవారు ఒక్కరైనా ఉన్నారా? నేను వెతికాను, లేరు. బస్టాండులో ఆడవాళ్లు దానికోసం ఎదురుగా ఉన్న హోటలు ఓనరు మొహం చూస్తుంటారు. చలివేంద్రం ఉంది, బస్ షెల్టరు ఉంది, స్వాగతద్వారం ఉంది, గాంధీగారి విగ్రహం చుట్టూ ఇనుప కంచె ఉంది (ఆ కంచెకూ ఒక రాయి ఉంది). దొడ్డి గోడ మీద తండ్రిగారి జ్ఞాపకార్థం అని వేయించుకోవడానికి మాత్రం దాతలు రారు.

ఆడవాళ్లంటే గుర్తొచ్చింది. ఈ క్లబ్బుల్లో ఆడవాళ్లను మెంబర్లుగా చేర్చుకోవడం 1987 దాకా రూల్లో లేదు. ఆ ఏడాది మే 4న అమెరికా సుప్రీంకోర్టు, కాలిఫోర్నియాలోని డువార్టే రోటరీ క్లబ్బు కేసులో, వాళ్లను చేర్చుకోవాల్సిందేనని చెప్పింది. లయన్స్ కూడా ఆ సంవత్సరమే తలుపు తీసింది. మా ఊరి రాళ్లకు ఆ తీర్పు నకలు ఇంకా అందినట్టు లేదు. ముప్పైఒక్క రాళ్ల మీదా ఆడపేరు "శ్రీమతి" అనే ఒక్క మాటలో, భర్త పేరుకు ముందు, "దంపతులు" అనే మాటకు ఎదురుగా ఒదిగి కూర్చుంది.

నాకు రాళ్లంటే చిన్నచూపు లేదు. తెలుగు చరిత్రలో సగం రాళ్ల మీదే కదా దొరికింది. కానీ మీ పూర్వీకుల తీరు వేరు. మన పక్కనే ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం తీసుకోండి. 1369 నాటిది. చెరువు తవ్వించినవాడు విజయనగర రాజకుమారుడు, పొగడ్తలు ఉండనే ఉన్నాయి. ఆ పొగడ్తల తర్వాత మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని చెప్పారు. రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారని, వంద బండ్లు రాయి తోలాయని, రెండేళ్లు పట్టిందని చెక్కారు. వెయ్యిమంది కూలీలకు రాజు రాయి మీద చోటు దొరికింది. మీ మీద మన ప్లాంటుకు గుంట తవ్వినవాడికి, పైపులు బిగించిన ప్లంబరుకు చోటు లేదు.

పాత శాసనాల్లో దశబంధం అనే ఏర్పాటు కూడా కనిపిస్తుంది. చెరువు కట్టినవాడికో, బాగుచేసేవాడికో దాని కింద భూమిలో పదోవంతు ఇచ్చేవారు. అంటే కట్టిన రోజే, రేపు పాడైతే ఎవరు చూడాలి అన్నది ఆలోచించారు. చివర్లో ఒక శ్లోకం, "స్వదత్తాం పరదత్తాం వా" అని. తాను ఇచ్చిందైనా, ఇతరులు ఇచ్చిందైనా, దానభూమిని కాజేసినవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఆ ఒక్క వరుస మీ మీద ఉంటే మన ప్లాంటుకు ఈ గతి పట్టేది కాదేమో.

గతి అంటే మీకు తెలియందేముంది, మీ పక్కనే కదా వేలాడుతోంది తాళం. మన వైపు ఫ్లోరైడ్ నీళ్లు, ఆ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఎందరో. ప్లాంటు అవసరం కాదని ఎవరంటారు? పెట్టిన కొత్తలో జనం బిందెలతో బారులు తీరారు. తర్వాత నీళ్లను వడకట్టే మెంబ్రేన్ పోయింది. మార్చాలి. అప్పటికి జులై 1 వచ్చింది. ఏటా ఆ రోజున క్లబ్బులో కొత్త ప్రెసిడెంటు గద్దెనెక్కుతాడు. పాపం ఆయన కోణంలోంచి చూడండి. ఉన్నది ఒక్క ఏడాది. పాత ప్లాంటుకు మెంబ్రేన్ మారిస్తే రాయి మీద పాత ప్రెసిడెంటు పేరే ఉంటుంది. కొత్తది పెడితే కొత్త రాయి, రిబ్బను, కత్తెర, గవర్నరు, భోజనం. "మెంబ్రేన్ మార్పిడి దాత" అని గ్రానైట్ మీద చెక్కించుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా? అందుకే ఆయన కూరగాయల మార్కెట్లో రెండో ప్లాంటు పెట్టాడు. ఇప్పుడు దానికీ తాళమే. మెంబ్రేన్లు పాడవుతాయి, మోటార్లు కాలిపోతాయి. మీకు మాత్రం ఏ రిపేరూ రాదు.

కోపంలో రాస్తున్నాను కానీ, సంచికలో పెట్టాల్సింది ఇంకొకటి ఉంది. అది ఏ రాయి మీదా దొరకలేదు. 1925లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లయన్స్ మహాసభకు వెళ్లి, చూపులేనివాళ్ల కోసం పనిచేయమని అడిగింది. అప్పటినుంచి కంటిచూపు వాళ్ల పెద్ద పనైంది. ఆ గాలి మిగతా క్లబ్బులకూ సోకింది. మా హైస్కూల్లో కంటి శిబిరం పెట్టినప్పుడు మా అమ్మకు శుక్లాలు తీశారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని, నలుగురు ముసలమ్మలతో వ్యానులో తిరిగొచ్చింది. గుడ్డ తీశాక మొదట నా మొహం చూసి, "ఇంత నెరిసిపోయావేంట్రా" అంది. ఆ శిబిరంలో మూడురోజులు నీళ్లు మోసిన మెంబరు ఇప్పుడు లేడు. అంతకన్నా పెద్ద పని పోలియో. రోటరీ 1985లో దాన్ని నెత్తికెత్తుకుంది. మన ప్రభుత్వం 1995లో పల్స్ పోలియో పెట్టాక, ఆ ఆదివారాల్లో ఇదే బస్టాండులో మా ఊరి మెంబర్లు కుర్చీ వేసుకుని పిల్లల నోట్లో రెండేసి చుక్కలు వేశారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ, ఏటా. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమబెంగాల్లోని హౌరాలో. 2014 మార్చి 27న పోలియో లేదని ధ్రువపత్రం ఇచ్చారు. ఇన్నేళ్ల పనికి ప్రారంభోత్సవం ఏ రోజున చేస్తారు, రిబ్బను ఎక్కడ కడతారు? అందుకే రాయి లేదు.

ఇదంతా ఎనిమిది పేజీల్లో రాసి ఇచ్చాను. ప్రెసిడెంటు గారు చదివి, "బాగుంది మాస్టారూ, కాస్త తగ్గిద్దాం" అన్నారు. నాలుగు పేజీలకు తగ్గింది. తీసేసిన నాలుగింట్లోనే మెంబ్రేన్, మరుగుదొడ్డి ఉన్నాయి.

చివరిమాట. మీకు తమ్ముడు పుట్టబోతున్నాడు. స్వర్ణోత్సవ ఫలకం, మీకంటే రెండడుగులు పొడవు. ముసాయిదా నాకు పంపారు, అచ్చుతప్పులు చూడమని. పద్నాలుగో వరుసలో "క్లబ్బు చరిత్ర రచన" అని నా పేరు ఉంది. ఇంటిపేరులో దీర్ఘం పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారకముందే ఫోన్ చేశాను. "కంగారుపడకండి మాస్టారూ, ఇంకా చెక్కడం మొదలుపెట్టలేదు" అన్నారు.

అక్షరాలు కొంచెం పెద్దవి వేయడం కుదురుతుందా అని కూడా అడిగాను.

ఇట్లు,
మీ నిత్య పాఠకుడు