సామాన్యులకేనా ఈ శ్రీరంగనీతులు?

ఆర్థిక మందగమనం మాట వినిపించడమే ఆలస్యం, కుటుంబాలకు హితబోధలు మొదలవుతాయి. అనవసర ఖర్చులు మానుకోండి, తాహతుకు మించి అప్పు చేయకండి, దుప్పటి ఉన్నంత మేరకే కాళ్లు చాపుకోండి... ఇప్పుడూ అదే వరస. ఆర్థిక మంత్రులు, కేంద్ర బ్యాంకుల పెద్దలు, భారీ సంస్థల అధిపతులు ఒకే గొంతుతో పొదుపు పాఠాలు వల్లిస్తున్నారు. సలహా మంచిదే. ఇస్తున్నవారిని చూస్తేనే ఒళ్లు మండుతోంది.

మందగమనం గడప లోపలికి ఎలా వస్తుందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ముందు ఓవర్‌టైమ్ పోతుంది, తర్వాత కాంట్రాక్టు ఉద్యోగాలు, చివరికి పర్మినెంటు కొలువులు. జీతం ఆగుతుంది కానీ వాయిదా ఆగదు. ఇల్లు అమ్మి గట్టెక్కుదామంటే, అదే అవస్థలో ఉన్నవాళ్లంతా అదే పనికి దిగడంతో ధర పడిపోయి ఉంటుంది. ఇంటి విలువకన్నా అప్పే ఎక్కువగా తేలుతుంది. అమ్మలేరు, పని దొరికే ఊరికి వెళ్లలేరు. అద్దెకున్నవారైనా నిశ్చింతగా ఉంటారా అంటే అదీ లేదు. ఇంటి యజమాని వాయిదాలు ఎగ్గొడితే, అద్దె ఏ నెలా తప్పకుండా కట్టినవారు సైతం వీధిన పడతారు. 2008 సంక్షోభంలో అమెరికాలో ఎందరికో ఈ గతి పట్టింది కాబట్టే, అద్దెదారులకు కాస్త రక్షణ కల్పిస్తూ మరుసటి ఏడాది మే నెలలో చట్టం చేయాల్సివచ్చింది.

పైగా గణాంకాలలో మాంద్యం ముగిసిన రోజున ఇళ్లలో ముగియదు. అమెరికా మాంద్యం 2009 జూన్‌లోనే ముగిసిందని అక్కడి ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. నిరుద్యోగిత మాత్రం అదే ఏడాది అక్టోబరులో 10 శాతానికి చేరి పతాకస్థాయిని తాకింది. 2010 వసంతం నాటికి నిరుద్యోగుల్లో దాదాపు 45 శాతం మంది ఆరు నెలలకు పైగా ఖాళీగా ఉన్నారు. పాలకులు కోలుకున్నామని ప్రకటించుకున్నాకే చాలా కుటుంబాల్లో దాచుకున్న సొమ్ము అడుగంటింది.

ఇక అసలు విషయం. అప్పుల్లో మునిగిన కుటుంబాన్ని ఆదుకోమని ఎవరు అడిగినా ఓ సిద్ధాంతం అడ్డుపెడతారు. చేసిన తప్పు నుంచి కాపాడితే మళ్లీ అదే తప్పు చేస్తారట. దీనికి మోరల్ హజార్డ్ అని పెద్ద పేరు. బాగుంది. మరి ఆ సిద్ధాంతం పైఅంతస్తుల దాకా ఎందుకు ఎక్కదు? బ్యాంకుల కోసం అమెరికా 2008 అక్టోబరులో 70,000 కోట్ల డాలర్ల పథకం ఆమోదించినప్పుడు ఎక్కడికి పోయింది? అదే ఏడాది సెప్టెంబరు చివర్లో ఐర్లండ్ ప్రభుత్వం రాత్రికి రాత్రి తన ప్రధాన బ్యాంకుల బాధ్యతల్లో దాదాపు అన్నిటికీ, అంటే సుమారు 44,000 కోట్ల యూరోలకు, పూచీ పడినప్పుడు ఏమైంది? రెండేళ్లకే ఆ దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచింది. పొదుపు ప్రణాళికలో భాగంగా కనీస వేతనాన్ని గంటకు ఒక యూరో కోసింది. జూదమాడింది బ్యాంకులు, గంట కూలి పోగొట్టుకున్నది కూలీలు. జనాగ్రహానికి తలొగ్గి తర్వాతి ప్రభుత్వం ఆ కోతను ఎత్తేసిందనుకోండి, అది వేరే సంగతి.

ఒప్పందాల పవిత్రత కూడా ఇలాంటి కబురే. 17,000 కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనంతో బతికి బట్టకట్టిన అమెరికా బీమా దిగ్గజం ఏఐజీ, తనను ముంచిన విభాగం ఉద్యోగులకే 2009 మార్చిలో 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు పంచింది. ఇదేమిటని నిలదీస్తే, ఒప్పందం కుదిరిపోయింది, ఉల్లంఘించలేమన్నారు. అదే ఏడాది కార్ల కంపెనీలను ఆదుకోవాల్సి వచ్చేసరికి కార్మికుల ఒప్పందాలను మాత్రం నిక్షేపంగా తిరగదోడారు. ధరలకు అనుగుణంగా పెరగాల్సిన వేతనం, బోనస్‌లు వారు వదులుకోవాల్సి వచ్చింది. రెండూ సంతకాలతో కుదిరిన ఒప్పందాలే కదా!

ఇంతకన్నా విడ్డూరం ఇళ్ల సంగతి. అమెరికా దివాలా చట్టం ప్రకారం విహారానికి కట్టుకున్న రెండో ఇంటి అప్పును న్యాయమూర్తి తగ్గించవచ్చు. పిల్లాపాపలతో నివసించే ఏకైక ఇంటి అప్పును మాత్రం తగ్గించడానికి వీల్లేదు. దీన్ని సవరించే ప్రతిపాదన 2009 ఏప్రిల్ 30న సెనేట్‌లో 45-51 ఓట్లతో వీగిపోయింది. అప్పుతీర్చకుండా ఇల్లు వదిలేస్తే పిల్లలకు, స్నేహితులకు ఏం సందేశం ఇచ్చినట్టని గృహరుణ సంస్థల సంఘం అధిపతి ఆ రోజుల్లో ప్రజలను మందలించారు. కొద్ది వారాలకే, 2010 ఫిబ్రవరిలో, ఆ సంఘమే 7.9 కోట్ల డాలర్లు పెట్టి కొన్న తన ప్రధాన కార్యాలయాన్ని 4.13 కోట్లకు వదిలించుకుంది. మిగిలిన అప్పు పూర్తిగా తీరుస్తారా అని అడిగితే జవాబు లేదు. పిల్లలకు సందేశం మాటేమిటో మరి! స్పెయిన్‌లోనూ ఇదే కథ. ఇంటి తాళాలు బ్యాంకుకు అప్పగించి బయటికొచ్చినా, వేలంలో రాని మొత్తం కుటుంబం నెత్తిన అలాగే ఉండేది. నిరుద్యోగిత 26 శాతం దాటిన ఆ దేశంలో బ్యాంకులకు ఐరోపా నిధి నుంచి సుమారు 4,100 కోట్ల యూరోలు అందాయి. రుణ ఒప్పందంలోని అన్యాయపు షరతుల సంగతి తేలేదాకా జప్తును ఆపే అధికారమైనా న్యాయమూర్తికి ఉండాలని చెప్పడానికి 2013 మార్చిలో ఐరోపా న్యాయస్థానమే దిగిరావాల్సి వచ్చింది.

బ్యాంకులు కూలితే డిపాజిటర్లే మునుగుతారని, ఎగవేతదారులకు వెసులుబాటు ఇస్తే సక్రమంగా కట్టేవారికి అన్యాయమని వాదించేవారున్నారు. మొదటి మాట నిజమే. బ్యాంకులను కాపాడవద్దని మేమూ అనడం లేదు. రెండో మాట మాత్రం బ్యాంకులకు వర్తింపజేసిన రోజున వింటాం. జాగ్రత్తగా నడిచిన చిన్న బ్యాంకులకు అన్యాయం జరుగుతోందని అప్పుడెవరైనా కంటతడి పెట్టారా?

దారి లేకనా ఇదంతా? 2009లో జర్మనీ ఆర్థికవ్యవస్థ అయిదు శాతానికి పైగా కుంగినా అక్కడ నిరుద్యోగిత పెద్దగా పెరగలేదు. పనిగంటలు తగ్గించి, కోల్పోయిన వేతనంలో కొంత ప్రభుత్వం భర్తీ చేసే పథకం ఆ ఏడాది ఒక దశలో దాదాపు 15 లక్షల మందికి అండగా నిలిచింది. అంతకన్నా ముందు, మహామాంద్యం నడుమ 1933లో, అమెరికాయే గృహ యజమానుల రుణ సంస్థను పెట్టింది. బ్యాంకుల నుంచి అప్పులు కొని, గడువు పొడిగించి, వడ్డీ తగ్గించి సుమారు పది లక్షల కుటుంబాలకు ఊరట ఇచ్చింది. అప్పు ఇవ్వడం ప్రమాదమంటూ నల్లజాతివారు ఉండే వాడలకు ఎర్రరంగు పులిమిన పటాల మచ్చ ఆ సంస్థకు ఉంది, దాచాల్సిన పనిలేదు. కానీ ఖజానా మునుగుతుందన్న జోస్యం ఫలించలేదు. 1951లో దుకాణం కట్టేసేనాటికి అది స్వల్ప లాభంలోనే ఉంది. అంటే ఇళ్లను కాపాడటం తెలియని విద్యేమీ కాదు. 2009 నాటి అమెరికా గృహరుణ సవరణ పథకం 30-40 లక్షల కుటుంబాలను ఆదుకుంటామని చెప్పి లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోవడానికి కారణం చేతకానితనం కాదు. రుణాల వసూలు చూసే సంస్థల దయాదాక్షిణ్యాలకు దాన్ని వదిలేశారు.

ఒకసారి మినహాయింపు ఇస్తే అది ఆనవాయితీ అవుతుందని సామాన్యుడి విషయంలో తెగ భయపడుతున్నారు. ఆనవాయితీ 2008లోనే పడింది. పెద్దగా ఎదిగి, పెద్ద తప్పు చేస్తే ప్రభుత్వమే పల్లకీ పంపుతుందని పెద్ద సంస్థలన్నిటికీ తెలిసిపోయింది. ఆ పాఠం నేర్పినవారే నేడు ఒక గృహిణికి ఖర్చుల పుస్తకం ఎలా రాయాలో నేర్పబోతున్నారు. పైగా అందరూ ఒకేసారి ఖర్చు తగ్గిస్తే అందరి ఆదాయమూ తగ్గుతుందని ఆర్థికవేత్త కీన్స్ ఏనాడో చెప్పాడు. ఈ బోధకులలో చాలామంది ఆ పాఠం చదివి పట్టాలు పొందినవారే.

ఈసారి ఏ సంస్థకైనా ప్రజల సొమ్ము ఇవ్వదలిస్తే ఉత్తర్వులోనే షరతులు రాయండి. ఆ సంస్థ ప్రజల సొమ్ముతో నడిచినన్నాళ్లు బోనస్‌లు ఉండవని, ఉద్యోగం పోయినవారి ఇంటి వాయిదాలు అంతే కాలం వాయిదా పడతాయని, ఉంటున్న ఇంటి అప్పును తగ్గించే అధికారం న్యాయస్థానానికి ఉంటుందని రాయండి. ఆ మూడు వాక్యాలకు చేయి రాకపోతే, మా ఇళ్ల ఖర్చుల గురించి నోరు మెదపకండి.