మేస్త్రీ చేతికి చాక్‌పీసు అందాలంటే

భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల రొయ్యల చెరువు మీద రాత్రిపూట ఏరేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, ఆగిపోతే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెల్లవారుజాముకి నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ కూడా అందుకోకపోతే కొన్ని గంటల్లో పంటంతా పోతుంది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాత గోదావరి డెల్టాలో చెరువు గట్లన్నీ మోటార్లు, స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు, డీజిల్ జనరేటర్లతో నిండిపోయాయి. వాటికి తోడు ఐస్ ప్లాంట్లు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లులు, తాళ్లరేవులో పడవలు కట్టే చోట్లు ఉన్నాయి. ఇన్నిటినీ నడిపిస్తున్నవాళ్లలో చాలామంది షాపులో చేరి, పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకున్నవాళ్లే.

అలాంటి మేస్త్రీ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి ఇన్‌స్ట్రక్టర్‌గా చేరతానంటే కుదరదు. ఆయన దగ్గర కావలసిన కాగితాలు లేవు. ఆ కాగితాలన్నీ ఉండి, చెరువు గట్టు మీద ఒక్క రాత్రి కూడా మోటారు విప్పని కుర్రాడు మాత్రం చేరవచ్చు. ఇది చూసి చాలామంది, అసలు ఈ సర్టిఫికెట్ల గోల ఎందుకు, పని వచ్చినవాడిని తెచ్చి పాఠం చెప్పిస్తే సరిపోదా అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఇన్‌స్ట్రక్టర్‌కి సర్టిఫికెట్ ఉండి తీరాలి. అయితే ఆ సర్టిఫికెట్ దగ్గరికి వెళ్లే దారి మేస్త్రీ ఇంటి ముందు నుంచి కూడా వెయ్యాలి. ఇప్పుడున్న దారి కాలేజీ గేటు నుంచే మొదలవుతోంది.

ముందు నిబంధన ఏమంటోందో చూద్దాం. ఐటీఐల్లో నడిచే చేతివృత్తుల శిక్షణ పథకం 1950లో మొదలైంది. ఇప్పుడు కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్, అంటే డీజీటీ, దాన్ని చూస్తోంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడ్ ఏది తీసుకున్నా సిలబస్ పుస్తకంలోనే ఇన్‌స్ట్రక్టర్ అర్హత రాసి ఉంటుంది. ఆ రంగంలో డిగ్రీ ఉంటే ఏడాది అనుభవం, మూడేళ్ల డిప్లొమా ఉంటే రెండేళ్ల అనుభవం, ఐటీఐ సర్టిఫికెట్టో అప్రెంటిస్ సర్టిఫికెట్టో ఉంటే మూడేళ్ల అనుభవం కావాలి. వీటిలో ఏది ఉన్నా, దాని మీద నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఆ సర్టిఫికెట్ కోసం చదివే ఏడాది కోర్సునే సీఐటీఎస్ అంటారు.

ఇందులో చాలామంది పట్టించుకోని వాక్యం ఇంకొకటి ఉంది. రెండు యూనిట్లకు, అంటే రెండు బ్యాచ్‌లకు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు అవసరమైన చోట ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా చదివినవారు, రెండోవారు ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ నుంచి వచ్చినవారు ఉండాలి. నాకు ఈ వాక్యం చాలా నచ్చుతుంది. లెక్కలు, డ్రాయింగ్ తెలిసిన మనిషిని, చేతికి నూనె మరక అంటిన మనిషిని ఒకే వర్క్‌షాపులో పక్కపక్కన నిలబెట్టాలన్న ఆలోచన అందులో ఉంది. రాసినవాళ్లకు వర్క్‌షాపు అంటే ఏమిటో తెలుసు.

ఆచరణ అంత బాగా లేదు. ఈ డెల్టాలో ఊరూరికీ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. బీటెక్ చదివి వేరే ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూ, మధ్యలో ఖాళీగా ఉండటం ఎందుకని ప్రైవేటు ఐటీఐలో చేరేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, జీతమే అలా ఉంటుంది. కావలసిన ఏడాది అనుభవం చాలాసార్లు తెలిసినవాళ్ల కంపెనీ లెటర్‌హెడ్ మీద వస్తుంది. సర్టిఫికెట్ ఉన్న మనిషి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, క్లాసులో ఇంకొకరు ఉంటారు. తనిఖీ రోజున మాత్రం ఆ పేరు, ఈ మనిషి ఒకచోట కలుస్తారు. అన్ని చోట్లా ఇలాగే ఉందని అనడం లేదు. నిబంధనను గుండెల్లో పెట్టుకుని నడిపే సంస్థలు ఉన్నాయి, ఇరవై మంది పిల్లల చేత ఆకురాయి పట్టించి ఇనుము అరగదీయడం దగ్గరుండి నేర్పించే ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. వాళ్ల విలువ తెలియాలన్నా మిగతా చోట్ల జరుగుతున్నది పైకి చెప్పాలి.

దీనికి మూల్యం చెల్లించేది పిల్లలు. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్లే వెల్డర్, ఎలక్ట్రీషియన్ వీసా చేతికి రాకముందే ట్రేడ్ టెస్టుకి నిలబడాలి. అక్కడ పరీక్ష పెట్టేవాడు సర్టిఫికెట్ పక్కన పెట్టి ప్లేట్ ఇస్తాడు, రాడ్ ఇస్తాడు, వెల్డ్ చేసి చూపించమంటాడు. 2019లో మన గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు కూడా స్తంభం ఎక్కించి, మీటర్ రీడింగ్ తీయించి, సైకిల్ తొక్కించి చూశారు. రెండేళ్లు క్లాసులో కూర్చుని, స్తంభం మాత్రం బయట ఎవరినో బతిమాలుకుని నేర్చుకోవలసి వస్తే ఆ తప్పు కుర్రాడిది కాదు.

మరి మేస్త్రీని నేరుగా క్లాసులోకి ఎందుకు తీసుకురాకూడదు? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఈ ప్రాంతంలో దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

చెరువు దగ్గర కరెంటు పని ఇంట్లో ఫ్యాన్ బిగించడం లాంటిది కాదు. చుట్టూ ఉప్పునీరు, నేలంతా తడి. ఉప్పుగాలికి టెర్మినల్స్ తుప్పు పట్టి వదులవుతాయి. కేబుల్ మీద ఇన్సులేషన్ ఎక్కడ చిట్లినా కరెంటు నీటిలోకి దిగుతుంది. మేత వేయడానికో ఏరేటర్ సరిచేయడానికో నీళ్లలోకి దిగిన మనిషికి అది కనిపించదు. డెల్టాలో ఆక్వా కూలీలు కరెంటు షాక్‌తో చనిపోయిన వార్తలు చదవని సంవత్సరం లేదు. ఇప్పుడు మన మేస్త్రీ పని చూడండి. మోటారు మీద భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతోందని రైతు కేకలు వేస్తే దాన్ని డైరెక్ట్ చేసేస్తాడు, అంటే రిలేని తప్పించి కరెంటు నేరుగా ఇచ్చేస్తాడు. ఫ్యూజు వైరు దొరక్కపోతే లావుపాటి రాగి తీగ చుట్టేస్తాడు. ఎర్తింగ్‌కి ఓ ఇనుప రాడ్డు పాతి వదిలేస్తాడు, దాని రెసిస్టెన్స్ ఎంతో కొలవడు. కొలిచే మీటరు ఆయన దగ్గర ఉండదు. ఆ రాత్రికి రైతు పంట నిలబడుతుంది, మేస్త్రీకి మంచి పేరు వస్తుంది. ఆయన తెలివి మీద నాకు అనుమానం లేదు. మోటారు శబ్దం విని బేరింగ్ పోయిందో, ఒక ఫేజ్ పోయిందో చెప్పగల మనిషి ఆయన. కానీ ఆ రిలే ఎందుకు పడిపోతోందో వెతికి చూసే అలవాటు ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆయనే ఇరవై మందికి గురువైతే ఆ డైరెక్ట్ చేయడం కూడా పాఠమై కూర్చుంటుంది. పది బ్యాచ్‌లు గడిస్తే అది ఇరవై ఊళ్లకు పాకుతుంది.

ఇంకో సంగతి ఉంది. పని రావడం వేరు, పని చెప్పడం వేరు. షాపులో మేస్త్రీ దగ్గర ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లు చూసి నేర్చుకుంటారు, తిట్లు తిని నేర్చుకుంటారు, లేకపోతే మానేసి పోతారు. క్లాసులో మానేసి పోయేవాడిని కూడా కూర్చోబెట్టి నేర్పించాలి. సీఐటీఎస్‌లో ట్రేడ్ పాఠాలతో పాటు బోధనా పద్ధతి అని ఒక భాగం ఉంది. పాఠం ప్లాన్ రాయడం, ఒక పనిని ముక్కలు చేసి ఏ వరుసలో చూపించాలో నిర్ణయించడం, పిల్లలు చేసిన జాబ్‌ని, అంటే తయారుచేసిన వస్తువుని, కొలిచి మార్కులు వేయడం, అందరి ముందు నిలబడి చెప్పి చూపించడం అందులో నేర్పిస్తారు. ఇది పైకి చిన్నదిగా కనిపిస్తుంది. చేతిలో ఎంత పని ఉన్నా ఈ భాగం రాకపోతే క్లాసులో ముందు వరుసలో ఉన్న నలుగురే నేర్చుకుంటారు.

జర్మనీలో చేతిపనుల రంగంలో మాస్టర్ పరీక్షకు నాలుగు భాగాలు ఉంటాయి. పని చేసి చూపించడం, దాని సిద్ధాంతం, వ్యాపారం-చట్టం, చివరిది పని నేర్పించే పద్ధతి. షాపులో పని చేసే మనిషే ఈ నాలుగూ పాసై అప్రెంటిస్‌లను తీసుకుంటాడు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఏళ్ల తరబడి చేసిన పనిని అర్హతగా లెక్కవేసి, బోధన కోర్సును ఉద్యోగంలో చేరాక పూర్తి చేసే వీలు ఇస్తాయి. మనం వాళ్లను అచ్చుగుద్దినట్టు అనుసరించనక్కర్లేదు. పని చేతిని ముందు ఒప్పుకుని, లోటున్న భాగాన్ని తర్వాత నేర్పించడం సాధ్యమేనని మాత్రం వాళ్ల అనుభవం చెబుతోంది.

మన దగ్గర కూడా దారి ముక్కలు ముక్కలుగా ఉంది. ఐటీఐలో చదవకపోయినా, పని అనుభవం ఉన్నవాళ్లు ప్రైవేటు అభ్యర్థులుగా ఐటీఐ చివరి పరీక్ష అయిన ఆలిండియా ట్రేడ్ టెస్టు రాయవచ్చు. అది పాసైతే సీఐటీఎస్‌కి వెళ్లే అర్హత వస్తుంది. పాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కూడా ఉంది. కానీ అది ముఖ్యంగా ఇప్పటికే ఐటీఐల్లో పాఠాలు చెబుతున్నవాళ్ల కోసమే నడుస్తోంది. ఇక పాలకొల్లులో మోటారు వైండింగ్ షాపు ఉన్న మనిషి సంగతి చూడండి. ప్రవేశ పరీక్షకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, సీటు వస్తే ఇల్లు, షాపు వదిలి ఏడాది పాటు వెళ్లాలి. మన జిల్లాలవాళ్లకు ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్ విద్యానగర్. ఏడాది షాపు మూస్తే ఆయన ఖాతాదారులు పక్క షాపుకి వెళ్లిపోతారు, పిల్లల ఫీజులు ఆగవు. ఇంత చేసి తిరిగి వస్తే చేతికి వచ్చేది కాంట్రాక్టు జీతం. ఆయన వెళ్లడు. ఆయన స్థానంలో నేనున్నా వెళ్లను.

అందుకని ఆ ఏడాది కోర్సునే డెల్టాకి తీసుకురావాలి. బోధనా పద్ధతి, సేఫ్టీ, సిద్ధాంతం సాయంత్రం క్లాసులుగా కాకినాడలోనో భీమవరంలోనో ఏడాదిన్నర పాటు చెప్పవచ్చు. చేతిపని పరీక్ష మేస్త్రీకి అలవాటైన మోటారు మీదే పెట్టవచ్చు. కానీ కొలతలు, ఎర్తింగ్, ఐసోలేషన్ (పని మొదలుపెట్టే ముందు కరెంటు పూర్తిగా తెంచడం) విషయంలో ఒక్క మార్కు కూడా తగ్గించకూడదు. ఆ కాలంలో ఆయన్ని వారానికి రెండు పూటలు సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పక్కన సహాయకుడిగా పెట్టి, ఆ పూటలకు కూలి ఇవ్వాలి. ఇలా చేస్తే ఆ ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్ల వాక్యం కాగితం దిగి వర్క్‌షాపులోకి వస్తుంది.

డబ్బు లేదనే మాట ఇప్పుడు నిలవదు. 2025 మే నెలలో కేంద్ర కేబినెట్ ఐటీఐల ఆధునికీకరణకు 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అదే అక్టోబరులో పీఎం-సేతు పేరుతో మొదలైంది. వెయ్యి ప్రభుత్వ ఐటీఐలు, ఒక పెద్ద ఐటీఐకి చుట్టుపక్కల చిన్నవాటిని కలిపే హబ్-స్పోక్ పద్ధతి, 50,000 మంది శిక్షకులకు ట్రైనింగ్ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌తో సహా ఐదు జాతీయ శిక్షణ సంస్థల్లో ఎక్సలెన్స్ కేంద్రాలు పెడతారు. మెషీన్లు కొనడం తేలిక, టెండరు పిలిస్తే వచ్చేస్తాయి. కొత్త లేత్ మెషీన్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మూలన పడి ఉండటం మనం చూడనిదేమీ కాదు. ఆ 50,000లో మన డెల్టా మేస్త్రీలు ఎంతమంది ఉంటారన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడే అడగాలి. తర్వాత అడిగితే ఆ సీట్లు నిండిపోతాయి.

లోపల ఉన్నవాళ్ల మాట కూడా చెప్పాలి. పదిహేనేళ్ల కిందట తీసుకున్న క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఈరోజు చెరువులో మేత చల్లే ఆటోమేటిక్ ఫీడర్ గురించీ, సోలార్ పంపు గురించీ, మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ గురించీ ఏమీ చెప్పదు. ఐదేళ్లకోసారైనా ఇన్‌స్ట్రక్టర్ ఒక నెల ప్రాసెసింగ్ ప్లాంటులోనో, బోట్ యార్డులోనో, రైస్ మిల్లులోనో పని చేసి రావాలి. దాన్ని ఉద్యోగంలో భాగంగా, పూర్తి జీతంతో పంపాలి. వేసవి సెలవుల్లో సొంత ఖర్చుతో వెళ్లిరమ్మంటే ఎవరూ వెళ్లరు.

నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్ల పనికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. క్రోషే సూదితో ముప్పై ఏళ్లు పని చేసిన ఆమెకు ఐటీఐ కుట్టు ట్రేడ్‌లో పాఠం చెప్పే అర్హత లేదు. చాలామందికి పదో తరగతి కూడా లేదు కాబట్టి నేను పైన చెప్పిన మెట్లేవీ వాళ్లకు పనికిరావు. ఒక్క చోట మాత్రం తలుపు తెరిచి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు పెట్టి, ఊళ్లోని చేతిపని వాళ్ల దగ్గర నేర్చుకోమంది. స్థానిక కళాకారులను మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకోవచ్చని కూడా అందులో రాసి ఉంది. నరసాపురం, మొగల్తూరు మండలాల హైస్కూళ్లలో ఆ పది రోజులూ లేసు అల్లేవాళ్లకు ఇచ్చి, రోజుకింత అని గౌరవ వేతనం కట్టి, చిన్నపాటి బోధన శిక్షణ ఇచ్చి ఒక గుర్తింపు కార్డు చేతిలో పెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. జిల్లా విద్యాశాఖాధికారి ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.