చావింట మైకు ఎవరి చేతికివ్వాలి?

యాభై నాలుగేళ్లప్పుడు చేస్తున్న పని మానేసి, పోయినవాళ్ల గురించి సభలో మాట్లాడటమే వృత్తిగా పెట్టుకుంటానని నెల్లూరులో ఎవరైనా అంటే, ఇంట్లోవాళ్లు ముందు బీపీ చూపించుకోమంటారు. నేను మాత్రం అలా అన్నవాళ్ల పక్షమే.

ఇదేమీ వింత పని కాదు. ఆస్ట్రేలియాలో 1973లో అటార్నీ జనరల్ లయనెల్ మర్ఫీ, పెళ్లిళ్లు జరిపించడానికి చర్చితో సంబంధం లేని మామూలు మనుషులను నియమించడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకే జనం అంత్యక్రియలకూ అలాంటివాళ్లను పిలిచారు. బ్రిటన్‌లోనూ ఈ పనికి లైసెన్సు అక్కర్లేదు. ఇంటికొచ్చి కూర్చుని, పోయిన మనిషి గురించి అడిగి రాసుకుని, ఆ జీవితాన్ని నలుగురికీ చెబుతారు. డబ్బు తీసుకుంటారు.

మన దగ్గరో? పెద్దకర్మ రోజు షామియానా, ఫ్లెక్సీ, మైకు. ఆ మైకు ఎవరో మాజీ ఎంపీటీసీ చేతికి పోతుంది. పోయినావిడ పేరు ఆయన ఫ్లెక్సీ చూసి చదువుతాడు. టంగుటూరు వైపు ఒక ఇంట్లో ఈమధ్యే చూశాను. ముప్పై ఏళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషిని 'అజాతశత్రువు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడ గొడవపడని ఇల్లు ఆ వీధిలో లేదు! కూలి డబ్బులకు, కుళాయి నీళ్లకు, ఆడపిల్ల చదువుకు. ఆ గొడవలు తీసేస్తే ఆవిడ గురించి చెప్పడానికి ఏం మిగులుతుంది?

దీనికి కుర్ర యాంకర్లు పనికిరారు. నన్నడిగితే ఎల్ఐసీ ఏజెంటును మించినవాడు లేడు. క్లెయిమ్ కాగితాలు పట్టుకుని చావింటికి వెళ్లి వెళ్లి, ఎక్కడ నోరు మూసుకోవాలో ఆయనకు బాగా తెలుసు. నామినీ ఎవరో తెలుసు కాబట్టి ఎవరికి ఎవరితో మాటల్లేవో కూడా తెలుసు. ముసలి నర్సులు, రిటైరైన తెలుగు టీచర్లు ఆ తర్వాతే.

చావు మీద వ్యాపారమా అంటారు. ఐస్ పెట్టెకు, పూలకు, భోజనాలకు డబ్బిచ్చేది మనం కాదా? బోడిగాడితోట శ్మశానం దాకా జరిగే తంతులో వేలు పెట్టమనడం లేదు. అది అయ్యవారి పని, ఆయనకే ఉండనివ్వండి.

అసలు ఈ పని మనకు కొత్తా? తిక్కన నెల్లూరువాడు. పదమూడో శతాబ్దంలో భారతంలోని స్త్రీపర్వాన్ని తెలుగు చేసింది ఆయనే. అందులో గాంధారి చేసేదేమిటి? యుద్ధభూమిలో ఒక్కొక్కరినీ చూపిస్తూ, వాళ్లెవరో, ఎలా పోయారో కృష్ణుడికి చెబుతుంది. తన కొడుకులతో ఆపదు, అవతలి పక్షం అభిమన్యుడి గురించీ చెప్పి ఏడుస్తుంది. మన భాషకు చావును గురించి మాట్లాడటం ఏనాడో వచ్చు. వేదికలెక్కిన నాయకులే మనచేత 'తీరని లోటు' దగ్గర ఆపేయించారు.

మా వీధిలో ఒక ఏజెంటుకు ఈ మాట చెబితే నోటుపుస్తకం కొనుక్కున్నాడు. భార్య మాత్రం అమ్మాయి పెళ్లయ్యేదాకా ఎవరితోనూ అనొద్దందట. సంబంధాలు చూస్తున్నారు.